టైపింగులో సాయం

తన్మయీ, ఆ టీవీ ఆపి ఇలా నా పక్కకి వచ్చి కూర్చో. కాళ్ళు పైకి పెట్టుకో, ఏసీకి నేల మంచులా ఉంది. నిన్న దోహాలో ఉగాది సభలో నిరంజన్‌కి శాలువా కప్పినప్పుడు నువ్వు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టావు. నీ తప్పేం లేదులే, హాలంతా కొట్టింది. మీ మామయ్యా కొట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే. "అమ్మమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని నా నుదురు పట్టుకుని చూశావు. ఒంట్లో బాగానే ఉంది. బాగాలేనిది ఏమిటో ఇప్పుడు చెబుతాను. మీ మామయ్య కృష్ణప్రసాద్ వచ్చే నెల ఉద్యోగం మానుకుని ఇండియా వెళ్ళిపోతున్నాడు కాబట్టి, ఇక చెప్పినా ఎవరి కడుపూ కొట్టినట్టు కాదు.

నిన్న వేదిక మీద ఏమన్నారు? "కార్మికుల బస్సుల కోసం ప్రోగ్రామ్ తయారుచేసి, యూరప్ యూనివర్సిటీలో ఉపన్యాసం ఇచ్చి వచ్చిన మన తెలుగుబిడ్డ" అన్నారు. ఆ ప్రోగ్రామ్ చేసింది నిరంజన్ కాదు. మీ భరణి వదిన.

మూడేళ్ళ కిందటి మాట, తొంభై ఆరు. నువ్వప్పుడు అల్ రయ్యాన్‌లో మీ ఇంట్లో ఎనిమిదో తరగతి పుస్తకాలతో కుస్తీ పడుతున్నావు. భరణి విశాఖపట్నంలో ఎం.సి.ఎ. ముగించి మెసయీద్‌లో మా దగ్గరికి వచ్చింది. మీ అత్తయ్య వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చిందని ఏలూరులో ఉండిపోయింది. ఇంట్లో మేం ముగ్గురమే. తండ్రి వీసా మీద వచ్చిన పిల్ల ఉద్యోగం చెయ్యకూడదు. చేసినట్టు తెలిస్తే పిల్లతో పాటు తండ్రినీ పంపేస్తారని అందరికీ భయం. అందుకని మీ మామయ్య ఒక కంప్యూటర్ కొని దాని గదిలో పెట్టాడు. "చదివింది మరిచిపోకుండా ఉంటావు" అన్నాడు. వీణ నేర్చుకున్న పిల్లకి వీణ కొనిపెట్టినట్టు.

మా కంపెనీ ఇళ్ళకి ఎదురుగా లేబర్ క్యాంప్. మధ్య రోడ్డు మీద బస్సులు ఆగేచోటు మా వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఆ తర్వాత గంటన్నర దాకా ఒక్కటీ వచ్చేది కాదు. జూన్ ఎండలో వందల మంది మనుషులు తలకి గుడ్డలు చుట్టుకుని అలాగే నిలబడేవాళ్ళు. వాళ్ళలో లస్మయ్య అని జగిత్యాల దగ్గర పల్లెవాడు ఒకడు. మధ్యాహ్నం మా గేటు దగ్గరికి వచ్చేవాడు.

"అవ్వా, జర నీళ్ళు పోస్తవా?"

"పోస్తాను నాయనా. ఎంతసేపయింది నిలబడి?"

"నాకాడ గడియారం యాడిది అవ్వా! నేనచ్చినప్పుడు గోడ నీడ గోడ కాడనే ఉండె. గిప్పుడు సగం రోడ్డు దాటింది."

వెనక నిలబడి భరణి విన్నది. "ఇది లెక్కే కదా నాయనమ్మా. ఏడు బస్సులు, మూడు షిఫ్టులు, పన్నెండు వందల మంది. ఏ బస్సు ఎప్పుడు కదలాలో కంప్యూటర్ చెబుతుంది. కాకపోతే ఎవరు ఎంతసేపు ఆగుతున్నారో ముందు నాకు తెలియాలి" అంది.

అలా ఈ వయసులో నాకు ఉద్యోగం వచ్చింది. నేను చదివింది మూడో తరగతి. తెలుగు రాయడం వచ్చు, అంకెలు వచ్చు, గడియారం చూడటం వచ్చు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి మనిషికీ ఒక చింతగింజ గిన్నెలో వేసేదాన్ని. బస్సు వచ్చాక ఎక్కినవాళ్ళవి తీసి, టైమూ లెక్కా నోటుబుక్కులో రాసేదాన్ని. ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా లెక్క కావాలంటే లస్మయ్య ఒప్పుకున్నాడు. వాడికి రాయడం రాదు, బస్సుకో ముడి వేసిన తాడు సాయంత్రం తెచ్చి ఇచ్చేవాడు. నిండిపోయిన బస్సుకి రెండు ముళ్ళు. నలభై రోజులు చేశాం. "నా పరిశోధనంతా చింతగింజలూ తాళ్ళూ" అని భరణి పడీ పడీ నవ్వేది. తర్వాత నాలుగు నెలలు ఆ కంప్యూటర్ ముందు నుంచి లేచిందే లేదు. అన్నం నేను గదిలోకి పట్టుకెళ్ళేదాన్ని.

నిరంజన్ మీ మామయ్య కంపెనీలోనే కంప్యూటర్ సెక్షన్ చూసేవాడు. పెళ్ళాం పిల్లలు విజయవాడలో. ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే భోజనం, నన్ను పెద్దమ్మా అని పిలిచేవాడు. భరణి చేసింది చూసి ఆశ్చర్యపోయాడు. "ఫ్లాపీలు ఇవ్వు, కంపెనీలో చూపిస్తాను" అని పట్టుకెళ్ళాడు. రెండు నెలల్లో బస్సులు దాని ప్రకారమే నడవడం మొదలయింది. గంటన్నర ఆగేవాళ్ళు పావుగంట ఆగుతున్నారు. లస్మయ్య రోడ్డు మీదినుంచే కేకేసేవాడు, "బిడ్డా, నీ బస్సు అచ్చిందే!" అని.

కంపెనీ కాగితాల్లో మాత్రం నిరంజన్ పేరే ఉంది. "భరణి పేరు పెడితే వీసా గొడవ. అయినా పేరుదేముంది పెద్దమ్మా, పని జరిగిందా లేదా?" అన్నాడు. మేమంతా తలాడించాం. ఇక్కడ డ్యూటీ ఎవరిదో పని వాళ్ళ పేరు మీదే ఉంటుంది, ఇంట్లో ఆడవాళ్ళు ఎవరి లెక్కలు వేసిపెట్టినా, ఎవరి రిపోర్టులు రాసిపెట్టినా. మాకది అలవాటు. ఎవరికీ తప్పుగా తోచలేదు. నిరంజన్‌కి ప్రమోషన్ వచ్చింది. మేం స్వీట్లు పంచాం కూడానూ.

అప్పుడు దోహా లైబ్రరీలో భరణి ఒక పత్రిక చూసింది. యూరప్‌లో ఒక యూనివర్సిటీ, ఆ ఊరి పేరు నా నోరు తిరగదు. అక్కడ కంప్యూటర్ చదువులో, పరిశోధనలో ఆడపిల్లలు మరీ తక్కువని, కొన్ని సీట్లు వాళ్ళకోసమే పెట్టారట. నాలుగేళ్ళు పరిశోధన, ఫీజు లేదు, గది వాళ్ళే ఇస్తారు.

"వందమందిలో ఎంతమందే ఆడపిల్లలు?" అని అడిగాను.

"పదిమంది కూడా లేరట నాయనమ్మా."

"అంత చదువుకున్న దేశాల్లోనూ ఇదే బాగోతమా! నేనింకా మన తెనాలిలోనే అనుకున్నాను."

భరణి ప్రోగ్రామూ, దాని గురించి ఇంగ్లీషులో ముప్ఫై పేజీలూ పంపింది. ఆ డిపార్ట్‌మెంట్ మేడమ్‌కి నచ్చింది. ఒకే ఒక్కటి అడిగింది. దాన్ని వాడుతున్న కంపెనీ నుంచి, ఇది ఈ అమ్మాయి చేసిన పనే అని ఒక ఉత్తరం కావాలి. కవరు అంటించి పంపాలి, అమ్మాయి చూడకూడదు, అది అక్కడి రూలు. సీటు ఆ ఒక్క ఉత్తరం మీద ఆగింది.

"రాస్తాను పెద్దమ్మా, రాయకుండా ఉంటానా?" అన్నాడు నిరంజన్. ఒక శుక్రవారం మేనేజర్ లీవులో ఉన్నాడన్నాడు. ఇంకో శుక్రవారం కంపెనీ లెటర్‌హెడ్లు అయిపోయాయన్నాడు.

"మా ఇంట్లో గోంగూర అయిపోలేదు, మీ కంపెనీలో కాగితం అయిపోయిందా నాయనా?" అన్నాను. పకపకా నవ్వాడు. నాలుగో శుక్రవారం తెచ్చాడు.

మీ మామయ్య టేబుల్ దగ్గర కూర్చుని ఉత్తరం చదివాడు. చదవడం అయిపోయాక కూడా కాగితం మీదినుంచి కళ్ళు తియ్యలేదు.

"ఏం రాశాడ్రా?" అన్నాను.

"బాగానే రాశాడమ్మా. అంటించెయ్యి."

జిగురు సీసా ఎండిపోయి ఉంది. నాలుగు అన్నం మెతుకులు నలిపి నా చేత్తో అంటించాను. భరణి అంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడింది. "అయిందా? తిరగొచ్చా?" అని చిన్నపిల్లలా రెండుసార్లు అడిగింది.

ఇక్కడ ఇంటికి పోస్ట్‌మాన్ రాడు కదా, ఉత్తరాలన్నీ కంపెనీ పోస్టుబాక్సుకే. ఏడు వారాలకి మీ మామయ్య యూనివర్సిటీ జవాబు తెచ్చి, టేబుల్ మీద పెట్టి, స్నానానికని లోపలికి వెళ్ళిపోయాడు. భరణి విప్పి నాకోసం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. "పని చాలా బాగుందట. కానీ కంపెనీ ఉత్తరం ప్రకారం ఈ ప్రోగ్రామ్ నిరంజన్ గారిది. నేను... నేను టైపింగులో సాయం చేశానట. ఈ సీట్లు సొంతంగా పరిశోధన చేసే ఆడవాళ్ళకట." అక్కడ ఆగింది.

"ఇంకా ఉందా?"

"ఉంది. నిరంజన్ గారిని వాళ్ళ సదస్సులో మాట్లాడమని పిలుస్తున్నారట."

ఆడపిల్లల కోసం తీసిన తలుపులోంచి మగవాడు లోపలికి వెళ్ళాడు తన్మయీ.

మీ మామయ్య బయటికి వచ్చేదాకా బాత్రూమ్ తలుపు దగ్గరే నిలబడ్డాను.

"నువ్వు చదివావు కదరా?"

"చదివానమ్మా."

"ఏముందో తెలిసే నా చేత అంటించావా?"

"నిజం రాస్తే వీసా మీద పిల్ల చేత పనిచేయించానని నన్ను తీసేస్తారు. పదిహేడేళ్ళ సర్వీసమ్మా! నిరంజన్ ప్రమోషన్ కూడా పోతుంది."

"పోనీ ఉత్తరమే పంపొద్దు అనొచ్చుగా! పిల్ల ఇంకో దారి వెతుక్కునేది."

"మీరిద్దరూ అంత ఆశగా చూస్తుంటే ఎలా చెప్పను?"

అబద్ధం ఆడటానికి లేని మొహమాటం నిజం చెప్పడానికి అడ్డొచ్చింది వాడికి. భరణి గుమ్మంలోంచి అంతా విన్నది. అరవలేదు. "నన్ను గోడ వైపు తిప్పి మరీ అంటించారా నాన్నా?" అని ఒక్క మాట అంది. ఎవరూ తిప్పలేదు, రూలని అదే తిరిగింది. ఆ సంగతి చెప్పే ధైర్యం కూడా మీ మామయ్యకి లేకపోయింది.

శుక్రవారం నిరంజన్ మామూలుగానే వచ్చాడు. విస్తరి వేశాను.

"ఇవాళ వంట మా టైపిస్టు చేసింది నాయనా, ఎలా ఉందో చెప్పు" అన్నాను.

చెయ్యి ఆగిపోయింది. "పెద్దమ్మా, నా పేరు లేకపోతే ఆ ప్రోగ్రామ్ కంపెనీ ముట్టుకునేది కూడా కాదు. ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల చేసిందంటే ఎవరు నమ్ముతారు?"

"నువ్వు నమ్మావుగా. నమ్మబట్టేగా పట్టుకెళ్ళావు?"

తినకుండా లేచాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. రెండు నెలలకి యూరప్ మాత్రం వెళ్ళొచ్చాడు.

లస్మయ్యకి తెలిసి గేటు దగ్గరే గట్టిగా మాట్లాడాడు. "నేను చెప్త అవ్వా. ముళ్ళు ఏసింది నేనే, లెక్క జేసింది ఈ బిడ్డే. యాడ అంగుట ఏయాలె?" నేను తెలుగులో నాలుగు పేజీల ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. కింద నా సంతకం, పక్కన వాడి వేలిముద్ర. నా నోటుబుక్కూ జతచేశాను. ఇంగ్లీషులోకి మార్చి ఆ మేడమ్‌కి పంపవే అని భరణికి ఇచ్చాను.

అది రెండుసార్లు చదివింది. "ఒక్క అక్షరం అబద్ధం లేదు నాయనమ్మా. కానీ ఇది వెళ్ళి, వాళ్ళు కంపెనీని అడిగితే? లస్మయ్యని మర్నాడే విమానం ఎక్కిస్తారు. నాన్న ఉద్యోగం పోతుంది."

"మరి నీ సంగతే?"

"నా సంగతి చూడాల్సినవాళ్ళే చూడలేదుగా."

పంపలేదు. తనకి ద్రోహం చేసినవాళ్ళ అన్నం చెడకూడదని తన నోరు తనే కట్టుకుంది. నెల తిరక్కుండా విశాఖపట్నం వెళ్ళిపోయింది. లస్మయ్య కూడా పోయినేడు కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడక్కడ ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతోంది. మళ్ళీ అప్లై చెయ్యవే అంటే, "నా పేరున అక్కడ ఒక ఉత్తరం ఉంది కదా నాయనమ్మా" అంటుంది. ఫోన్‌లో నాతో గంట మాట్లాడుతుంది. తండ్రి తీసుకుంటే, "ఆరోగ్యం బాగుందా నాన్నా" అని పెట్టేస్తుంది. వాడు రిసీవర్ పట్టుకుని కాసేపు అలాగే నిలబడతాడు. కన్నకొడుకు, జాలి వేస్తుంది. అయినా క్షమించలేకపోతున్నాను. నా చేతులతో చేయించాడు కదా.

నువ్వూ ఇంటర్ అయ్యాక కంప్యూటర్లే చదువుతానంటున్నావు. చదువు. రేపు నీ కాలేజీలో అయినా, పెళ్ళి పందిట్లో అయినా, ఎవరైనా మెసయీద్ బస్సుల మాట ఎత్తితే, చేసింది మా భరణి వదిన అని చెప్పు. మెల్లిగా కాదు, నలుగురూ తిరిగి చూసేలా చెప్పు. ఏ కాగితం మీదా దాని పేరు లేదు. ఉంటే మన నోళ్ళలోనే ఉండాలి. నాకు డెబ్భై దాటాయి, నా తర్వాత ఇది నీ దగ్గరే ఉంటుంది. నీ పిల్లలకీ చెప్పు, వాళ్ళని వాళ్ళ స్నేహితులకి చెప్పమను. ఏదీ, మొదటినుంచి నాకోసారి చెప్పు చూద్దాం. ఎక్కడైనా తప్పితే నేను సరిచేస్తాను.