ఖైరున్నిసా తరాజు

అచ్చంపేట నుంచి పొద్దుటి బస్సు వచ్చి బల్మూరులో ఆగేసరికి ఖైరున్నిసా దుకాణం ముందు నీళ్లు చల్లి, మూలికల సంచుల మూతులు విప్పి, దూలానికి తరాజు తగిలించేది. ఆ వాసనకే బస్సులో సగం మందికి మనసు తేలికపడేదంటే నమ్మాలి. వేరును ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని, అది నల్లమలలో ఏ గుట్టది, గుట్టకు ఏ పక్కది, తవ్వినవాడు ఆ పూట అన్నం తిన్నాడా లేదా అన్నది కూడా చెప్పగల మనిషి. పాలమూరు మొత్తంలో అట్లాంటి ముక్కు ఇంకొకటి లేదు. ఉందన్నవాడెవడైనా ఉంటే వచ్చి చూపించమనండి.

తరాజు సంగతి అందరికీ తెలిసిందే. ఎడమ పళ్లెంలో అరచెయ్యి పెడితే, లోపల బెంగ ఎంతుంటే పళ్లెం అంత దిగుతుంది. కుడి పళ్లెంలో ఆమె పెన్నేరు గడ్డ, సరస్వతాకు, జటామాంసి వేస్తూ పోతుంది. ముల్లు నడిమికి వస్తే అదే మందు. దవాఖానలో బీపీ చూపించుకున్నట్టు జనం వరుసలో నిలబడి, చెయ్యి పెట్టి, పొట్లం పట్టుకుని పోయేవారు. గట్టు నుంచి మూడు బస్సులు మారి వచ్చేవారు. పాన్‌గల్ నుంచి వచ్చిన ఒక బడిపంతులు చెయ్యి పెడితే పళ్లెం నేలకు కొట్టుకుని బండ రెండు ముక్కలైంది. అయితే ఎవరొచ్చినా ఆమె ముందు అడిగేది ఒకటే, దవాఖాన గోలీలేమన్నా మింగుతున్నారా అని. అవునంటే, డాక్టరును అడిగి రమ్మని, ఆకు కూడా ఇయ్యకుండా తిప్పి పంపేది.

ఏడాదిగా నెలనెలా వచ్చేది గౌరమ్మ. నల్లమల లోపలి చెంచు గూడెం, వాళ్ల మాటలో పెంట, ఆమెది. మందు మొగునికి. ఆయన గుట్ట దిగడని, ఆయన బదులు తన చెయ్యే పళ్లెంలో పెట్టి తూయించుకునేది. ఇది నీ బరువు, ఆయనది కాదు, మనిషిని తీస్కరా అని ఖైరున్నిసా ప్రతిసారీ మందలించేది.

ఆ మొగుడు ముత్తయ్య మామూలు తేనెగాడు కాదు. రెండు వందల నిలువుల కొండకు తాడు మీద వేలాడుతూ, ఒక చేత్తో పట్టు కోస్తూ, రెండో చేత్తో బీడీ ముట్టించుకునేవాడు. తేనెటీగలు మొహం గుర్తుపట్టి పక్కకు జరిగేవి. పైన తాడు పట్టేది మాత్రం భార్య తమ్ముడే అయ్యుండాలి, అది పెంట ఆచారం. అక్క బొట్టు తుడిచే పని ఏ తమ్ముడూ చెయ్యడు గదా. గౌరమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, జగన్.

నిరుడు ఎండాకాలం తాడు నిలువెడు జారి ఆగింది. ముత్తయ్యకు గీత కూడా పడలేదు. కాని ఆ రోజు నుంచి, నాకు భయమైతుందంటూ కొండ అంచుకు పోవడం మానేశాడు. పెంటంతా నవ్వింది. ఇప్పుడేమో జగన్ హైదరాబాదులో వాచ్‌మన్ పని మాట్లాడుకున్నాడు. అతను పోతే ముత్తయ్యకు తాడు పట్టేవాడు ఈ జన్మకు లేడు. అందుకే జగన్ బస్సెక్కే రోజున గౌరమ్మ మొగుణ్ని కూడా లాక్కొచ్చి తరాజు ముందు నిలబెట్టింది.

ముత్తయ్య చెయ్యి పెట్టాడు. పళ్లెం కదల్లేదు. ఖైరున్నిసా గొలుసులు సరిచేసి మళ్లీ పెట్టించింది. చిటికెడంత దిగింది.

“నీకు బెంగేడిది ముత్తయ్యా? గీ చిటికెడు గూడ కషాయం తాగి తాగి వచ్చినట్టుంది.”

తరాజే ఖరాబైందన్నది గౌరమ్మ. “మా తమ్ముని చెయ్యి పెట్టి చూడు బీబమ్మా. పట్నం పోతుండు, వానికేం బెంగ లేదు. తేలిపోతది.”

జగన్ బస్సుకు టైమైందన్నాడు. అక్క వినలేదు, మణికట్టు పట్టి పెట్టించింది. పళ్లెం దబ్బున నేలకు కొట్టుకుంది.

ఖైరున్నిసా పెన్నేరు వేసింది, జటామాంసి వేసింది, చివరికి సంచులకు సంచులే ఎత్తింది. వరుసలోని వాళ్లు అందించారు. దుకాణమంతా కుడి పళ్లెంలోకి ఎక్కినా ముల్లు చలించలేదు.

“ఇది మందుతోని లేచే బరువు కాదు. నోరు తెరువు బిడ్డా,” అన్నది.

జగన్ పళ్లెంలోంచి చెయ్యి తియ్యకుండానే అన్నాడు. “తాడు జార్లేదక్కా. నేనే ఇడిసిన.”

తేనెటీగ కంటి రెప్ప మీద కుట్టిందట. రెండు చేతులూ మొహానికి పోయాయట. తాడు జరజరా పోయి మోడుకు చిక్కుకుందట.

ముత్తయ్య నేల చూపులు చూస్తూ, “నాకెరుకే,” అన్నాడు. “చేతి పట్టు వేరు, మోడు పట్టు వేరు. యాలాడెటోనికి తెల్వదా?” పైకెక్కి వచ్చాక బామ్మర్ది చేతుల వణుకు చూశాడు. తాడు వదిలినవాడని తెలిస్తే పెంటలో పిల్లనెవరిస్తారు? అందుకని భయం తనదని చెప్పుకున్నాడు.

“మరి ఏడాది పొడుగూత కషాయమెందుకు తాగినవ్?” అన్నది గౌరమ్మ.

“నువ్వు కాచిస్తివి. తాగకుంటే ఊకుంటవా?”

ఆమె మొగుని వైపు చూడలేదు. తమ్ముడి దగ్గరికి జరిగి, “ఏ కంటి మీద కుట్టిందిరా?” అని అడిగింది. ఎడమ కన్ను చూపించాడు. ఏడాది దాటినా, ఇప్పుడే కుట్టినట్టు ఆ రెప్పను వేలితో ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

పళ్లెం లేవడం మొదలుపెట్టింది. ఖైరున్నిసా ఒక్కొక్క సంచీ దించుతూ పోయింది. చివరికి గుప్పెడు సరస్వతాకు, ఒక పెన్నేరు గడ్డ మిగిలాయి. అవి కాగితంలో చుట్టి జగన్ చేతిలో పెట్టి, రెండు వారాలకు కూడా బెంగ తగ్గి నిద్ర పట్టకపోతే సిగ్గుపడకుండా పెద్ద దవాఖానకు పోవాలని, తోడు తనే వస్తానని చెప్పింది. ఆ మాటల్లో హైదరాబాదు బస్సు వెళ్లిపోయింది.

మూడో రోజు కొండ అంచున జగన్ తాడు నడుముకు చుట్టి, మడమలు బండకు తన్నిపెట్టి కూర్చున్నాడు.

“బావా, చేతులు ఇంకా వణుకుతున్నయి.”

“వణకని. వణికినంత సేపు నువ్వు పైన ఉన్నవని నాకెరుకైతది,” అని ముత్తయ్య అంచు దాటి దిగాడు.