గాటు లేని తాబేళ్లు

"శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి తూము ఎత్తేస్తాం," అన్నాడు ఇంజనీరు, టీ చల్లారిందో లేదో చూసుకుంటున్నంత తాపీగా.

లెక్కలావిడ తన లెక్కల కాగితం ఆయన ముందుకు జరిపింది. మడుగులో తాబేళ్లను లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో ఆమెను అందరూ పిలిచే పేరూ అదే. తూము ఎత్తితే మడుగు ఎండిపోతుంది. ఎండిన చోట గోదాములు లేస్తాయి. ఆపడానికి నిబంధన ఒక్కటే: మడుగులో కనీసం రెండు వందల తాబేళ్లు ఉన్నట్టు తేలాలి.

ఆమె అంచనా లెక్కలో తేలినవి నలభై తొమ్మిది.

"అవీ అన్నీ ముసలివే. పిల్లాజెల్లా లేని జాతి ఎన్నాళ్లు బతుకుతుందండీ? అవి గుడ్లు పెట్టే ఇసుక దిబ్బ చుట్టూ మీరు కట్టించిన కంచె కూడా దండగే." ఇంజనీరు కాగితం తిప్పి కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇదేంటిది? పదిహేడో నంబరు ఆరు రోజుల్లో ఆరుసార్లు దొరికిందా! మా గుమాస్తాకి కూడా ఇంత హాజరు లేదే!"

గది గదంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అడవి జంతువు ఒకసారి బోనులో చిక్కితే హడలిపోవాలి. రోజూ వచ్చి కూర్చోవడమేంటి?

సైకిలెక్కి తిన్నగా మడుగు రేవుకి తొక్కింది.

రేవు చెక్క మీద గొంతుక్కూర్చుని మావయ్య కనిపించాడు. పడవ నడిపేదీ, బోనులు పెట్టేదీ, దొరికిన తాబేలు చిప్ప అంచున ఆకురాయితో నంబరు గాటు పెట్టేదీ ఆయనే. మేనకోడలు వచ్చింది చూసుకోకుండా రేకు డబ్బా మూత మీద వేలితో కొడుతున్నాడు. టక్ టక్ టక్.

నీళ్లలోంచి ఒక తల లేచింది. తర్వాత అయిదు. చూస్తుండగానే పాతిక. అన్నిటి చిప్పల మీదా గాట్లే!

"మావయ్యా! ఏం చేస్తున్నావ్?"

ఆయన ఉలిక్కిపడి డబ్బా వెనక్కి దాచాడు. "ఏం లేదే అమ్మాయ్! చిప్ప రాకి మరీ ఊరికే పంపేస్తే ఏం బాగుంటుంది? తలా ఒక చేప ముక్క. అంతే!"

"ఎప్పట్నుంచి?"

"రెణ్ణెల్ల కింద మొదటి గాటు పెట్టామే, ఆ రోజు నుంచీ."

"మరి బోనులు ఎక్కడ పెడుతున్నావ్?"

"ఇక్కడే, రేవు పక్కన. పాపం, వాటికి అలవాటైన చోటు కదా!"

ఆమె తల పట్టుకుని చెక్క మీద కూలబడింది. మరుక్షణం పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు మావయ్య భయంగా.

"నీ జాలి మన కొంప ముంచింది మావయ్యా! డబ్బా నిండా గింజలున్నాయనుకో. గుప్పెడు తీసి రంగేసి, మళ్లీ కలిపేశాం. ఇంకో గుప్పెడు తీస్తే అందులో రంగువే ఎక్కువుంటే ఏమిటర్థం?"

"డబ్బాలో మొత్తం గింజలే తక్కువని."

"కదా! మరి రంగు గింజలే కాళ్లొచ్చి నీ చేతిలోకి నడిచొస్తుంటే?"

మావయ్య వెనక దాచిన డబ్బా ముందుకు తెచ్చుకున్నాడు. గబుక్కున మూత బిగించేశాడు.

గంటలో ఆమె మళ్లీ ఇంజనీరు ఎదుట ఉంది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. మడుగు పటం బల్ల మీద పరిచింది. "ఎర పెట్టం. తాబేళ్లు ఈదే దారిలో వలలు కడతాం. పది చోట్లు మీరే ఎంచండి, కళ్లు మూసుకుని."

"మళ్లీ తక్కువొస్తే?"

"తూము చక్రం నేనే తిప్పుతాను."

ఇంజనీరు గుండుసూదుల డబ్బా దగ్గరకు లాక్కున్నాడు. కళ్లు మూసుకుని పటం మీద పది గుండుసూదులు గుచ్చాడు.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి, ముందురోజు కట్టిన వలలు తీయించడానికి ఇస్త్రీ ప్యాంటుతో ఆయనే పడవెక్కాడు. అవతల గట్టు మీద తూము మనిషి చక్రం పక్కన సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

మొదటి వల రేవు దగ్గరే పడింది. ఆరు తాబేళ్లు, నాలుగింటికి గాట్లు. పదిహేడో నంబరు మెడ చాచి మావయ్య చేతుల వైపు చూసింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. రెండో వల ఖాళీ. మూడో దాంట్లో మూడు, ఒకదానికి గాటు. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. 

నాలుగో సూది రెల్లు పొదల నడుమ గుచ్చుకుంది. అటు పడవ పోదు. అందుకే ఇన్నాళ్లూ అక్కడ బోను పెట్టలేదు. మావయ్య పీకల్లోతు నీళ్లలో దిగి రెల్లులోకి మాయమయ్యాడు. చప్పుడు లేదు. రెండు నిమిషాలు. మూడు.

"అమ్మాయ్! ఇంకో బుట్ట పంపు!"

"ఒకటి తీసుకెళ్లావుగా?"

"అది నిండిపోయిందే!"

ఇరవై ఒకటి. ఒక్కదానికీ గాటు లేదు. పైగా తొమ్మిది అరచేతిలో ఇమిడే పిల్లలు! ఆమెకు కళ్లు చెమర్చాయి. రెల్లు వెనకే ఇసుక దిబ్బ. నక్కలు గుడ్లు తవ్వుకు తినకుండా మూడేళ్ల క్రితం కంచె కట్టించింది అక్కడే. గుడ్లు క్షేమంగా పిల్లలయ్యాయి, ఆ పిల్లలు రెల్లులో దాక్కుని పెరిగాయి. రేవు దాకా రావాల్సిన అవసరం వాటికి లేకపోయింది.

అక్కణ్నుంచి ప్రతి వలా బరువుగానే లేచింది. పదోది లాగేసరికి మొత్తం అరవై. గాటు ఉన్నవి ఏడే. ఇంజనీరు ఒకటికి రెండుసార్లు తనే లెక్కపెట్టాడు.

"గాట్లు పెట్టినవి నలభై రెండు. అరవైతో హెచ్చించి ఏడుతో భాగిస్తే..." ఆయన పెన్సిలు ఆగింది. "మూడు వందల అరవై!"

టైము పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ. ఆయన పడవలోనే లేచి నిలబడ్డాడు. పడవ ఊగినా లెక్కచేయకుండా అవతల గట్టుకు వినపడేలా అరిచాడు: "దిగిరావయ్యా! తాళం వేసి ఇంటికి పో!"

మావయ్య గట్టిగా ఈల వేశాడు. లెక్కలావిడ బుట్టలోంచి చిన్న పిల్లను తీసి ఇంజనీరు అరచేతిలో పెట్టింది. "పిల్లాజెల్లా లేని జాతి అన్నారుగా. పలకరించండి."

అది నాలుగు కాళ్లూ ఆడించి, ఆయన తెల్ల చొక్కా చేతిని తడిపేసింది.

"హాజరు పట్టీలో సంతకం పెట్టేసిందండోయ్!" అన్నాడు మావయ్య.

ఇంజనీరు పడీ పడీ నవ్వాడు. తడి చేతిని ప్యాంటుకే తుడుచుకుని, లెక్క రాసిన కాగితం అందుకుని, కింద తన సంతకం కూడా పెట్టాడు.