గోడలోంచి చెయ్యి

జహనుమా బస్తీలో ఆ దవాఖానా మూతపడి పదకొండేళ్లయింది. నడిపిన హకీం చనిపోయాడు. వారసులు కోర్టుకెక్కారు. దాని వెనక గోడే మహబూబ్ బీ గదికి నాలుగో గోడ. ఆమెకు భర్త లేడు. జరీ పని చేసి ముగ్గురు పిల్లల్ని పోషిస్తోంది. 1938 మే నెలలో ఆ గోడ పగిలింది. దించి కొత్తది కట్టించమని ఆమె మునిసిపల్ దఫ్తర్‌లో అర్జీ పెట్టుకుంది. మనిషిని పంపి చూడాలంటే నెల పడుతుందని, ఫొటో జతచేస్తే త్వరగా తేలుతుందని దఫ్తర్‌లో చెప్పారు.

పత్తర్‌గట్టిలో ఫొటోలు తీసే సోమశేఖర్ కెమెరా, ముక్కాలి స్టాండు పట్టుకుని వెళ్లాడు. మహబూబ్ బీ పరదా పాటిస్తుంది కాబట్టి దవాఖానా వైపునుంచే తీయాలి. దాని తలుపు తాళం తుప్పు పట్టింది. కిటికీలోంచి దిగాడు. లోపల నవారు లేని మంచాలు తొమ్మిది. వెనక గోడ మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉర్దూ అంకెలు. నేలంతా పావురాల రెట్ట. ఏడో అంకె కింద మొదలైన పగులు నేల దాకా దిగింది. అతను వెలుతురు కోసం మిగతా కిటికీలు తెరిచి, ఎదుటి గోడ దగ్గర స్టాండు పెట్టి, పన్నెండు లెక్కపెట్టి లెన్సు మూశాడు.

మర్నాడు దుకాణంలో ఆ గాజు నెగటివ్ ప్లేటు ముందు పెన్సిల్‌తో కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా అతని పని పెళ్లి సంబంధాలకు పంపే ఫొటోలు. ముఖం మీది మశూచి గుంటలు ప్లేటు మీద తెల్లగా కనిపిస్తాయి. వాటిని పెన్సిల్‌తో నింపితే ముఖం నునుపుగా వస్తుంది. పక్క దుకాణం వైకుంఠంతో మాట్లాడుతూనే చెయ్యి ఆడించాడు. ప్లేటు మీద పగులు వెంట్రుక మందం. అదీ నిండిపోయింది. ఫొటో అచ్చు వేసి దఫ్తర్‌లో ఇచ్చేశాడు.

నాలుగో రోజు అర్జీ తిరిగొచ్చింది. గోడలో లోపం కనిపించలేదని దాని మీద రాసి ఉంది. మహబూబ్ బీ కబురు పంపింది. అతను వెళ్తే పరదా వెనకనుంచే మాట్లాడింది.

"సోమన్నా, నా గోడకు సంబంధం చూస్తున్నవా ఏంది?"

అర్జీతో తిరిగొచ్చిన ఫొటో అతను చూశాడు. "చేతికి అలవాటైపోయింది ఆపా. తప్పు నాదే."

"మిరుగు కార్తెకు ఎనిమిది రోజులే ఉన్నయి. వానకు గోడ కూలితే పిల్లల్ని ఏడ పండబెట్టాలె? నాకు ఇంకో జాగ లేదు."

అతను టర్పెంటైన్‌తో ప్లేటు మీది పెన్సిల్ తుడిచి, ఇంకో ఫొటో అచ్చు వేసుకుని దఫ్తర్‌కు వెళ్లాడు. గుమాస్తా మొహియుద్దీన్ రెండూ పక్కపక్కన పెట్టాడు.

"మొన్న పగులు లేదు, ఇయ్యాల ఉన్నది. అప్పుడు చెరిపినవా, ఇప్పుడు గీసినవా, నాకేం ఎరుక భాయ్?"

"అప్పుడు చెరిపిన. రాసిస్త."

"రాసిచ్చినా సాహెబ్ నమ్మడు. నువ్వు గూడ దిద్దలేని ఫొటో తే, పో."

మర్నాడు పొద్దున అతను మళ్లీ కిటికీలోంచి దిగాడు. ఈసారి స్టాండు పగులు దగ్గరే పెట్టాడు. పగులులో నోరు పెట్టి పిలిచాడు.

"ఆపా, నీ చెయ్యి ఇటు పెట్టు."

మహబూబ్ బీ ఎన్నడూ ఫొటో తీయించుకోలేదు.

"మొఖం రాదు గద?"

"మణికట్టు దాకనే వస్తది."

సున్నం రాలింది. ఇటుకల మధ్యనుంచి అయిదు వేళ్లు, తర్వాత అరచెయ్యి వచ్చాయి. చేతి వెనక కాలిన మచ్చ ఉంది.

"పన్నెండు లెక్కపెడ్త. కదలకు."

ఆమె కూడా అవతలినుంచి లెక్కపెట్టింది. పన్నెండయ్యాక చెయ్యి లోపలికి పోయింది.

"సోమన్నా, చేతి మీద మచ్చ ఉన్నది. గదొక్కటి తీసెయ్యి."

"ఇంక పెన్సిల్ ముట్ట ఆపా."

మొహియుద్దీన్ ఆ ఫొటోను కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూశాడు.

"ఎవరిదీ చెయ్యి?"

"అర్జీ పెట్టినామెది. గోడకు అవతల నిలవడ్డది."

మొహియుద్దీన్ ఫొటోను అర్జీకి కుట్టాడు. మిరుగుకు రెండు రోజుల ముందు దఫ్తర్ పంపిన మేస్త్రీలు కొత్త ఇటుకలతో వచ్చి ఏడో అంకె దగ్గర మొదలుపెట్టి గోడ దించారు.