పదహారు అక్షరాల చోటు

"ఇదిగో, ఆ నీ పాత పెట్టె ఇంక పారెయ్. కొత్త లాప్‌టాప్‌కి అది పనికిరాదు" అన్నాడాయన. అప్పుడామె అడుగంటిన గిన్నె తోముతోంది. అడుగంటడానికి కారణం కూడా ఆయనే. కొట్లోంచి "సన్న స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టావ్?" అని కేకేస్తే పొయ్యి వదిలి పరుగెత్తింది. తీరా చూస్తే స్క్రూడ్రైవర్ ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆమె పీచుతో రుద్దుతూనే "అది నాది, పారెయ్యను" అంది. ఆయనకు వినిపించలేదో, వినిపించనట్టున్నాడో. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ రెండింటికీ తేడా కనిపెట్టడం ఆమె ఎప్పుడో మానేసింది.

పెట్టె నిజంగానే ఆమెది. చిప్పుల్లోకి ప్రోగ్రాము ఎక్కించే పెట్టె. పెళ్ళికి ముందు ఆమె ఒక చిన్న కంపెనీలో, కోడిగుడ్లు పొదిగించే యంత్రాలకు ప్రోగ్రాములు రాసేది. గుడ్లకు ఎంత వేడి తగలాలి, ఎంత తేమ ఉండాలి, ఎన్ని గంటలకోసారి పక్కకి ఒరగాలి, ఇవన్నీ ఆ చిప్పులకు నేర్పింది ఆమే. కంపెనీ మూతపడ్డప్పుడు పెట్టెను, తను రాసిన ప్రోగ్రాముల కాపీతో సహా అడిగి తెచ్చుకుంది. ఆ పెట్టెతోనే, ఆమె చూపించిన పనితోనే ఆయన ఇంటి ముందు గదిలో మరమ్మతు కొట్టు పెట్టాడు. వచ్చినవాళ్ళతో మాత్రం "మా ఆవిడండీ, ఊరికే కూర్చోలేక తీగలు అతుకుతూ ఉంటుంది" అంటాడు. ఊరికే కూర్చోవడమట! ఇంటిపనీ కొట్టుపనీ అయ్యేసరికి పొద్దు గుంకుతుంది; ఊరికే కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

పెట్టెకు తగిలించే పాత కంప్యూటరు పోయిన నెల చేతులెత్తేసింది. కొత్త లాప్‌టాప్‌కు అలాంటి తొమ్మిది పిన్నుల మూతి లేదు. మధ్యలో తగిలించడానికి ఆయన చవకరకం కేబుల్ ఒకటి తెచ్చాడు, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. పెట్టె ఉలకదు, పలకదు. సరిగ్గా అప్పుడే గుడ్లాయన వచ్చిపడ్డాడు. కోళ్ళఫారం పెద్దమనిషి ఆయన. అందరూ గుడ్లాయనా అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. ఆయన దగ్గర మూడు పొదిగించే యంత్రాల్లో చిప్పులు పోయాయి. "ఉన్న ఒక్కదానితో నెట్టుకొస్తున్నానమ్మా. కొత్తవి కొనే తాహతు నాకు లేదు. ఇవి లేవకపోతే ఫారానికి తాళమే" అన్నాడు ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగుతూ. ఆ మూడు యంత్రాల్లో తిరిగేది తను రాసిన ప్రోగ్రామేనని ఆమె అనబోయింది. గుడ్లాయన అప్పటికే ఆమె మొగుడి వైపు తిరిగి "మీరే కాపాడాలి సార్" అంటున్నాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ "ఆ కేబుల్ ఒకసారి నన్ను విప్పి చూడనివ్వండి" అంది. "నాలుగు రోజులుగా నేను తల బద్దలు కొట్టుకుంటుంటే లొంగలేదు, నువ్వు చూస్తే లొంగుతుందా? పెరుగెయ్" అన్నాడు. "మగవాడు తల పట్టుకుని కూర్చుంటే మధ్యలో నీ సలహాలేంటే?" అనేది అత్తగారు, ఉన్నన్నాళ్ళూ. ఆవిడ పోయినా ఆ మాట మాత్రం ఈ ఇంట్లో కంచాల పక్కనే కూర్చుంటోంది. పెరుగు వేసింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, కునుకు తీయడానికి వెళ్ళాడు. ఆమె ఎంగిలి కంచం ఎత్తకుండా కొట్లోకి నడిచింది. ఎత్తకుండా వచ్చినందుకే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది, ఎంత సిగ్గుచేటు!

కేబుల్ మూతి ఊడదీస్తే సంగతి బయటపడింది. బయటికి తొమ్మిది పిన్నులూ మెరుస్తున్నాయి గాని, లోపల తీగలున్నది మూడింటికే. మాట పంపే తీగ, మాట తెచ్చే తీగ, గ్రౌండు తీగ. ఈ పాత పెట్టె మర్యాదస్తురాలు. ముందు "సిద్ధమేనా?" అని అడగాలి, "సిద్ధమే" అని ఎదుటివాళ్ళు అనాలి, అప్పుడే నోరు విప్పుతుంది. ఆ అడిగే తీగా చెప్పే తీగా అసలు వెయ్యనేలేదు, చవక కదా. ఆమె రెండు ముక్కలు తీగ కోసి, అతికి, లాప్‌టాప్‌లో పోర్టు నంబరు సరిచేసి మీట నొక్కింది. పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. "పలికావా తల్లీ!" అని పైకే అనేసింది.

ఆయన లేచొచ్చి చూశాడు. "నేను నిన్ననే అనుకున్నా, కేబుల్లోనే ఏదో లూజుందని" అన్నాడు. వెంటనే గుడ్లాయనకి ఫోను చేసి, "ఆఁ, మొత్తానికి పట్టేశానండీ! నాలుగు రోజులు కూర్చుంటే గాని లొంగలేదు" అన్నాడు. ఫోను పెట్టేసి, "మూడు చిప్పులూ ఎక్కించి, బోర్డుల్లో బిగించి ఉంచు. నేనలా తిరిగొస్తా" అని చెప్పులేసుకున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. మెచ్చుకోకపోతే మానె, నేను చేశానని బయట ఒక్క మనిషికైనా తెలియొద్దా అనుకుంది. తెరిచిన ప్రోగ్రాములో, యంత్రం ఆన్ చెయ్యగానే తెరపై కనబడే మొదటి వరుస ఉంది. పదహారు అక్షరాల చోటు. అందులో మూతపడ్డ కంపెనీ పేరు. ఆ రోజుల్లో తన పేరు వేస్తానంటే మేనేజరు "నీ పేరెందుకమ్మా, గుడ్లు చదువుకుంటాయా?" అని నవ్వాడు, ఆమె కూడా నవ్వేసింది. ఇప్పుడు తన పేరు ఎక్కడుందని వెతుక్కుంటే ఎక్కడా దొరకలేదు. ఆయనకు "ఇదిగో", కూతురికి అమ్మ, కొట్టుకొచ్చేవాళ్ళకు మేడమో, సారుగారి ఆవిడో. ఆఖరుసారి ఆ పేరు పెట్టి పిలిచింది బ్యాంకు గుమస్తా. పలకడానికి ఆమెకే క్షణం పట్టింది. కంపెనీ పేరు చెరిపేసింది. చదువుకున్నప్పటి ఇంటిపేరుతో సహా తన పేరు కొట్టింది. రెండక్షరాల చోటు ఇంకా మిగిలింది. మూడు చిప్పుల్లోకీ అదే ఎక్కించి, బోర్డులు బిగించి, అట్టపెట్టెలో సర్దింది. ఆయన విప్పి చూడలేదు, తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు.

వారానికి గుడ్లాయన ఫోను చేశాడు. చేతిలో పని ఉండి మొగుడు స్పీకరు పెట్టాడు. ఆమె గుమ్మంలో కూర్చుని కూరలు తరుగుతోంది.

"మూడూ గడియారంలా తిరుగుతున్నాయి సార్! ఆన్ చెయ్యగానే ఎవరో ఆవిడ పేరొస్తోంది. ప్రోగ్రాము రాసింది ఆవిడేనా?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. తెలియని పేరేం కాదు, పెళ్ళి శుభలేఖలో చదివిందే. "ఆఁ, పాత కంపెనీ మనిషి" అన్నాడు.

"ఒకసారి ఆవిడతో మాట్లాడించండి. ఇలాంటి పాత మిషన్లున్నవాళ్ళం ఆరుగురం ఉన్నాం. ఆవిడే వచ్చి చూసి, మా వాళ్ళకి నేర్పిస్తే పని మొత్తం ఆవిడకే అప్పజెబుతాం."

ఆయన ఆమె వైపు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

"ఆవిడ ఇప్పుడు లేరండీ."

"అయ్యో, పోయారా! ఎంత పని జరిగింది" అన్నాడు గుడ్లాయన. నిజంగా బాధపడ్డాడు.

మొగుడు కాదనలేదు. ఒక్క మాట చాలు, లేదండీ, బతికే ఉంది, ఇక్కడే ఉంది అని. ఆ మాట వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. ఆయన మళ్ళీ స్క్రూడ్రైవర్ తిప్పుకోవడంలో పడ్డాడు. ఆమె కత్తి పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఉన్నానండీ" అంది. "చెప్పండి, ఎప్పుడు రమ్మంటారు?"