ఏడో నంబరు సీసా

చిన్నరాములు ఎండ్రికాయ కాలును రెండో కీలు దగ్గర విరిచి, లోపలి కండను పట్టకారుతో లాగి సీసాలో వేశాడు. మూత బిగించాడు. స్పిరిట్‌తో తడిసిన వేళ్లను ఆప్రాన్‌కు తుడుచుకున్నాడు. తొమ్మిదిన్నరకు అది నాలుగోది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఆ ల్యాబ్‌లో అతను చేరి పందొమ్మిదేళ్లు. కాంట్రాక్టరు ఏటా మార్చిలో అతని పేరు మళ్లీ రాసుకుంటాడు. అందుకని అతను ఏ నెలలోనూ ఎవరి ముందూ గొంతు పెంచలేదు. కిటికీలు తెరుచుకోవు. బయట వాన పడుతున్నదీ లేనిదీ లోపలికొచ్చినవాళ్ల చెప్పులు చూసి తెలుసుకుంటాడు.

అతని కుడి బొటనవేలి గోరు అడ్డంగా చీలి ఉంటుంది. పదేళ్ల వయసులో సొంతూరు లక్డారం వాగు గట్టున బొరియలో చెయ్యి పెడితే ఎండ్రికాయ పట్టింది. ఆ గోరు మళ్లీ తిన్నగా పెరగలేదు.

బొరియల సంగతి తెలిసినవాడని సైంటిస్టు రమ్యశ్రీ అతనికి పదకొండు ఊళ్ల జాబితా ఇచ్చింది. మైటోకాండ్రియాలోని జన్యుపదార్థం తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. దాన్ని అక్షరం అక్షరం చదివితే ఏ పీత ఏ పీతకు చుట్టమో, ఎప్పుడు విడిపోయాయో లెక్క కట్టవచ్చు. చిన్నరాములు పది ఊళ్లవి తెచ్చాడు. తన ఊళ్లో మూడు రోజులు వెతికాడు. ఆఖరికి జోగిపేట అంగడిలో కొన్న రెండింటిలో ఒకదానికి జోగిపేట అని, రెండోదానికి లక్డారం అని చీటీ అంటించాడు.

అది నాలుగు నెలల కిందటి మాట. అప్పటి నుంచి రోజూ లోపలికి రాగానే ఆ సీసాల ర్యాక్‌నే ముందు చూస్తున్నాడు.

"రాములు గారూ, ఇలా రండి. మీ ఊరి పీత భలే పని చేసింది."

"పీత కాదు మేడం, ఎండ్రికాయ."

"మిషన్‌కి రెండూ ఒకటే లెండి." రమ్యశ్రీ నవ్వి, తెర అతని వైపు తిప్పింది. "నాలుగో నంబరు జోగిపేటది, ఏడు మీ ఊరిది. పదహారు వేల అక్షరాల్లో ఒక్కటీ తేడా లేదు. మిగతా ఊళ్ల వాటిలో ఇరవైకి తగ్గకుండా తేడాలున్నాయి. అంటే ఈ రెండు వాగుల పీతలూ మొన్నమొన్నటిదాకా కలిసే ఉన్నాయన్నమాట. వ్యాసంలో ముందు ఇదే రాస్తున్నా. కింద కృతజ్ఞతల్లో మీ పేరు, చూడండి."

చూశాడు. ఇంటిపేరుతో సహా ఉంది. అతను సింకు దగ్గరకు వెళ్లి ట్రే కడిగాడు. కడిగిన ట్రేనే మళ్లీ కడిగాడు. చేతులు తుడుచుకుని వచ్చాడు.

"మేడం, ఏడోది మా ఊరిది కాదు."

"అంటే?"

"జోగిపేట అంగట్ల కొన్న. రెండూ ఒక్క గంపలయే. మా వాగుల మూడు దినాలు సూసిన. సంక దాక చెయ్యి పెట్టిన. ఒక్కటి దొర్కలే."

"లేవని రాయొచ్చుగా! అది కూడా ఫలితమే."

"మా ఊర్ల ఎండ్రికాయ లేదని నా చేత్తోని ఎట్ల రాయాలె మేడం?"

రమ్యశ్రీ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పైవాళ్లకి చెప్పాలి, రాములు గారూ. చెప్పకుండా ఉండలేను."

"చెప్పుండ్రి మేడం."

"ఆ ఏడోది ఖాళీ చేసేయండి."

మూడింటికి కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. మాట్లాడింది అర నిమిషం. చిన్నరాములు మిగిలిన కాళ్లు విరిచాడు, కండ తీశాడు, మూతలు బిగించాడు. ఆప్రాన్ మడిచి కొక్కేనికి తగిలించాడు. వెళ్లేముందు తెర వైపు చూశాడు. లక్డారం ఎదురుగా 'దొరకలేదు' అని ఉంది. కృతజ్ఞతల దగ్గర అతని పేరు లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ యాదగిరికి ఐడీ కార్డు ఇచ్చాడు.

"ఏందన్నా, గింత జల్దీ? అల్లుడు గిట్ల వచ్చిండా?"

"పని ఒడిసింది."

"కార్డు ఇస్తున్నవేంది? రేపు రావా?"

చిన్నరాములు రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు.

లోపల ర్యాక్‌లో ఏడో గుంటలో సీసా ఉంది, కడిగి ఆరబెట్టి, మూత బిగించి. అతను చీటీ మాత్రం చింపలేదు. దాని మీద ఊరి పేరు, తేదీ, 'పట్టినవారు: చిన్నరాములు'.