మూడు బంతుల లెక్క

రాండి, రాండి, దగ్గరికి జరిగి కూకోండి. ఆ ఫోన్లు బోర్లా పెట్టండి. వక్కాకు నమిలేటోళ్లు ఇప్పుడే ఊసేసి రాండి, మద్దెలో లేస్తే ఒప్పుకోను. ఇంగ గమ్మునుండండప్పా. ఆళ్లగడ్డలో ఇంద్రజ చిత్రాన్నం కలుపుతాండాది.

ఆడబిడ్డ అర్చన కూతురికి చెవులు కుట్టే పొద్దు అది. గంగాళమంత గిన్నె, మోచేతుల దాంక పసుపు. చేతులు ఈడుండాయి గానీ మనసు నంద్యాల కాలేజీలో ఉండాది. మద్యాన్నం రెండు గంటలకు ఆడ ఎమ్మెస్సీ లెక్కల ఆఖరి పరీక్ష. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అంటారంట దాన్ని. ఒగసారి అత్త మోకాలు నొప్పని పోలేదు, ఇంగొగసారి అంగడికి సరుకొచ్చిందని పోలేదు. గడువు ఈసారితో సరి.

"ఏం లెక్కమ్మే అది? వడ్లు కొలిచేదా, పాలు కొలిచేదా?" అని అత్త ప్రమీలమ్మ అడిగింది ఒగనాడు.

"కొలిచేది కాదత్తా. ఎవురికి ఎవురితో సంబంధముండాదో చూసే లెక్క."

"ఓస్, అదైతే నాకు చదవకుండానే వచ్చు."

వచ్చు మరి! ఆ వంశంలో ఒగరు తుమ్మితే ఇద్దరు మాటలు మానుకుంటారు. గుత్తివంకాయ కూరలో పెద్దకాయ ఎవురికి పడిందని చెన్నకేశవులు, తమ్ముడు నారాయణ పదకొండేండ్లుగా పలకరించుకోరు. తమ్ముని చేన్లో వాన కురిసిందని అన్నకు ఆకాశంలో మోడంతో గూడా మాటల్లేవు. పడనోళ్లు ఒగే బంతిలో కూకోని తినరు. అందుకే ఆ ఇంట్లో ఏ పండగైనా ఏడు బంతులు, పొద్దు గూకే దాంక వడ్డన. అందరూ చేతులు కడిగినాక కోడలికి అడుగంటిన బువ్వ.

ఈసారి ఇంద్రజ నోటుబుక్కు తీసింది. ఇంటికొగ చుక్క పెట్టింది, అరవై ఇండ్లకు అరవై చుక్కలు. పడనోళ్ల మద్దెన గీత. గీత ఉండే ఇద్దర్ని ఒగే బంతిలో కూకోబెట్టగూడదు, అంతే లెక్క. తేలింది: మూడు బంతులు చాలు. పదకొండుకు మొదలుపెడితే పన్నెండున్నరకు ఇస్తరాకులెత్తేయొచ్చు. నంద్యాల గంట దారి.

"నేనే బండి మీద దింపుతాలే," అన్యాడు మొగుడు సందీప్. ఎరువుల అంగడి ఆయనది. కసిరి ఎరగడు. నెల కిందట తనంతట తానే "పరీక్ష ఏ పొద్దుమ్మే?" అని అడిగి, క్యాలెండర్లో ఎర్రపెన్నుతో గీత పెట్టినాడు. ఆరేండ్ల కాపురంలో ఆ మాట అడిగింది అదే మొదలు. ఆ పొద్దు ఇంద్రజ నెయ్యేసి ఓళిగలు చేసింది. వారం తిరక్కుండానే, "చెవులు కుట్టేకి ముహూర్తం పెట్టే స్వామి ఆ పొద్దు తప్ప మంచిదినం లేదంటాండాడు, నేనేం జేసేది?" అని తల గోక్కున్యాడు. పాపం, ఆయన మాత్రం ఏంజేస్తాడులే అనుకొనింది.

రెండు బంతులు లేచినాయి, ఒగ్గ కొట్లాట ల్యా. మూడోది కూకునింది. స్వామికి బియ్యం, కూరగాయల సంచి ఇచ్చేకి ఇంద్రజ బయటికొచ్చింది.

"ఏం తల్లీ, మొగం వాడింది?"

"పరీక్ష ఉండాది స్వామీ. మీరేమో ఈ పొద్దు తప్ప లేదంటిరి."

"నేనెప్పుడంటి? మూడు దినాలు రాసిచ్చినా. ఆదివారం బాగుండాదని గూడా చెప్పినా. మీ ఆయనే క్యాలెండర్ తెచ్చి, ఎర్రగీత మీద ఏలు పెట్టి, ఇదే కావాలన్యాడు."

సంచి చేతిలోనే ఉండాది, బరువు మాత్రం గుండెలో పడింది. కొట్టింటే నలుగురికి చెప్పుకునింటుంది. తిట్టింటే బదులు చెప్పింటుంది. ఈయన ప్రేమగా అడిగినాడే! అడిగి, ఆ దినం మీదనే ఇంతమందిని తెచ్చి కూకోబెట్టినాడే! తాను ఓళిగలు పెడతాంటే ఎట్ల మింగుడు పడినాయో?

పెరట్లో పట్టుకొని అడిగింది. సందీప్ గట్టిగా గూడా మాట్లాడల్యా.

"పాసైతే నంద్యాలలో ఉద్యోగమంటావు. ఇల్లెవురు చూస్తారు? వద్దని నా నోటితో చెప్పలేక... ఈసారి గూడా పోకపోతే నువ్వే మానుకుంటావనుకుంటి."

"అయితే అత్త మోకాలు?"

ప్రమీలమ్మ మజ్జిగ బకెట్టెత్తుకొని చెంగుచెంగున పోతాండాది.

తన లెక్కలో తప్పు యాడుండాదో ఇంద్రజకు అప్పుడు తెలిసింది. అరవై చుక్కలు పెట్టింది గానీ, తన చుక్క పెట్టుకోల్యా. ఏ బంతిలోనూ ఆమె లేదు.

గరిటె సందీప్ చేతిలో పెట్టింది. "మూడో బంతికి పప్పు అందలేదు, చూడు," అనింది. హాల్ టికెట్టు, నోటుబుక్కు తీసుకొని, పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, బస్టాండుకు నడిచింది. ఎనక పిలుపులు వినబడ్తానే ఉండాయి. తిరిగి చూడల్యా.

బస్సు కదిలినాక కండ్లు తుడుచుకొని నోటుబుక్కు తెరిచింది. పక్కసీటు ముసలామె మెడ సాచి ఆ కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, నోరు తెరిచేసింది.

"అబ్బో, ఇన్ని చుక్కలా! ఏమ్మే, మీ వాకిలి అంత పెద్దదా?"