నోరీన్ దగ్గర ఒక పూట

షాలేం రాజు థర్మామీటర్ ముల్లును స్పిరిట్ అద్దిన కాగితంతో తుడిచి, చేపల సూప్ గిన్నెలో మూడోసారి దించాడు. మొదటిసారి యాభై నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. రెండోసారీ అంతే. ఫ్రిజ్‌లో పెట్టింది నలభై ఒకటి దాటకూడదు. మూడోసారి ముల్లును కదలకుండా పట్టుకుని, తన ఉద్యోగంలో ఎవరూ కోరుకోకూడనిది కోరుకున్నాడు. ఈ థర్మామీటరే పాడైపోయి ఉంటే బాగుండునని.

అది బాగానే ఉంది. పాడైంది వెనక ఉన్న పెద్ద ఫ్రిజ్.

నార్త్ కరోలినా తీరంలోని ఆ చిన్న కౌంటీకి ఆయన ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్. హోటళ్ళ వంటగదులు తనిఖీ చేసి, మార్కులు వేసి, గుమ్మం పక్కన గ్రేడ్ కార్డు తగిలించడం పంతొమ్మిదేళ్ళుగా ఆయన పని. పొట్టి మనిషి. తలమీద ఒక్క వెంట్రుక లేకపోయినా వంటగదిలోకి వచ్చేటప్పుడు వల టోపీ పెట్టుకునే రకం. తనిఖీ చేసే చోట తినడు. డబ్బిచ్చి తింటే ఆఫీసుకేం అభ్యంతరం లేదు, ఆయనకే ఉంది. తిన్న చోట తప్పు కనపడదంటాడు. కౌంటీలో హోటళ్ళన్నీ ఆయన తనిఖీలోవే కాబట్టి, ఇన్నేళ్ళుగా ఆయనా, ఆయన భార్య ప్రిస్సిల్లా సొంత ఊళ్ళో ఎక్కడా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆదివారాలు రెండు గంటలు డ్రైవ్ చేసుకుని క్యారీలోని తెలుగు చర్చికి వెళ్తే, ప్రేమవిందు దగ్గర పిల్లలు, "షాలేం అంకుల్ వస్తున్నారు, బిర్యానీ దాచెయ్యండాంటీ!" అని అరుస్తారు. అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు, కొంచెం ఆలస్యంగా.

ఈ సాయంత్రం నాలుగింటితో ఆ ఉద్యోగం అయిపోతుంది. రెండేళ్ళ ముందే రిటైర్మెంట్ పెట్టాడు. ప్రిస్సిల్లాకి కడుపులో కేన్సర్. రేపు డర్హంలో ఆసుపత్రిలో చేర్చాలి, సోమవారం ఆపరేషన్. కడుపు చాలావరకు తీసేస్తారు. మళ్ళీ నోటితో తినడం ఎప్పటికో డాక్టర్లు చెప్పలేదు. ఏం తినాలనుందని అడిగితే ఆమె ఒక్కటే అడిగింది.

"ఆ నోరీన్ గారి హోటల్లో చేపల సూపండీ. పొద్దున్నే బీచ్‌లో వాక్ చేస్తుంటే వాసనొస్తది చూడండి, అది. ఎన్నేళ్ళు వాసన పీల్చుకుంటా బతకమంటారు?"

నర్సాపురం మనిషి. చేప లేని పూటని ఆమె పూటగా లెక్కపెట్టదు.

అందుకే ఆయన నోరీన్‌కి ఫోన్ చేసి, సముద్రం కనపడే కిటికీ దగ్గర ఈ రాత్రికి ఇద్దరికి చోటు అడిగాడు. ఆఖరి తనిఖీ కూడా ఇక్కడే పడింది. ఇప్పుడా నోరీన్ తలుపుకి ఆనుకుని, తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ నిలబడి ఉంది. డెబ్బై ఏళ్ళది. ఆమె తాత ఐర్లండ్ నుంచి తెచ్చుకున్న వంటల్ని ఇక్కడి సముద్రపు చేపతో వండుతుంది.

"మిస్టర్ రాజూ, ఆ గిన్నె మీ ఆవిడ కోసం రాత్రే చేసి పెట్టాను," అంది నోరీన్. "మర్నాటికి రుచి ఊరుతుందని."

"ఫ్రిజ్ ఎప్పుడాగింది?"

"నాకు తెలీదు. పొద్దున చల్లగానే ఉన్నట్టుంది. మళ్ళీ మరిగించి ఇస్తే?"

మరిగించినా పోని విషాలు కొన్ని ఉంటాయని ఆమెకి నేర్పింది ఆయనే. తల అడ్డంగా ఊపాడు. చేపంతా ఆ ఫ్రిజ్‌లోనే ఉంది. గాలివానకి రెండు రోజులుగా పడవలు కదల్లేదు, రేపటిదాకా కొత్త చేప రాదు.

ఆయనకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. కాగితం మీద యాభై నాలుగుకి బదులు నలభై రాస్తే ఎవరికీ తెలియదు. పెన్ను తీశాడు కూడా. కడుపులో పుండుతో ఉన్న మనిషి నోట్లోకి ఆ చెంచా వెళ్ళడం కళ్ళకి కట్టింది. యాభై నాలుగు అని రాశాడు. రూలు ప్రకారం చేపంతా చెత్తబుట్టలో పారేయించి, మళ్ళీ ఎవరూ తినకుండా సూప్‌లో తన చేత్తోనే బ్లీచ్ పోశాడు. నోరీన్ అటు తిరిగి నిలబడింది. గుమ్మం దగ్గర 'ఏ' గ్రేడ్ కార్డు తీసి 'బి' తగిలించేటప్పుడు ఆమె ఒక్క మాటే అంది.

"పంతొమ్మిదేళ్ళలో నా చేతి టీ చుక్క తాగలేదు మీరు."

నాలుగింటికి ఆఫీసులో కేక్ కోశారు. ఆ కత్తి ఎవరు కడిగారో ఆయన చూడలేదు. అదొక్కటే ఆ రోజు ఆయన చేసిన అజాగ్రత్త.

ఇంటికొచ్చేసరికి ప్రిస్సిల్లా నీలం పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంది. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. ఆయన జరిగింది చెప్పాడు.

"బ్లీచ్ పోసేశారా?"

"పోశాను."

ఆమె కుర్చీ పట్టుకుని లేచింది.

"ముప్పై నాలుగేళ్ళ నించి చూస్తన్నా మిమ్మల్ని. పొయ్యకపోతేనే కంగారుపడేదాన్ని. పదండి, ఉన్నదే తిందాం. కట్టిన చీర విప్పను."

హోటల్ దాదాపు ఖాళీగా ఉంది. 'బి' కార్డు చూసి వెనక్కి వెళ్ళినవాళ్ళెందరో నోరీన్ చెప్పలేదు, ఆయన అడగలేదు. ప్రిస్సిల్లా ముందు మాత్రం ప్లేటు పెట్టింది. ఉడికించి మెదిపిన బంగాళాదుంప, అందులో క్యాబేజీ, నడిమధ్య గుంటలో కరుగుతున్న వెన్న, పక్కన పొయ్యి మీంచి దింపిన గోధుమ రొట్టె. ఆయన ముందు ఏమీ పెట్టకుండా వెళ్ళిపోయింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తనకది తగిందే అనుకున్నాడు. ఐదు నిమిషాలకి రెండో ప్లేటు టేబుల్ మీద ఠక్కుమని వచ్చింది.

ప్రిస్సిల్లా తెలుగులో ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ ఆహారాన్ని, దీన్ని వండిన చేతుల్ని ఆశీర్వదించండి." భాష తెలియకపోయినా నోరీన్ తలవంచి నిలబడి, చివర్లో ఆమెన్ అంది.

ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎంత బాగుందంటే, ఇన్నేళ్ళూ తను ఏం పోగొట్టుకున్నాడో, పక్కనున్న మనిషి చేత ఏం పోగొట్టించాడో అప్పుడు అర్థమైంది. ప్రిస్సిల్లా ఆరు చెంచాలు తిని ఆపింది.

"చేపుంటే ఇంకా బాగుండేదా?" అని అడిగాడు.

"ఉండేది," అంది. ఆయన మొహం చూసి చెయ్యి పట్టుకుంది. "ఊరుకోండి. వచ్చాక తిందాంలే."

సోమవారం ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. ఆమెకి తెలివి రాలేదు. బుధవారం తెల్లవారుజామున, కాఫీ కోసం ఆయన కిందికి వెళ్ళినప్పుడు పోయింది. శనివారం క్యారీలో సమాధి చేశారు. చర్చివాళ్ళు ఆయన చేత బలవంతంగా నాలుగు మెతుకులు తినిపించారు. ఆ అన్నం వేడిగా ఉందో చల్లారిందో ఆయన పట్టించుకోలేదు.

ఆదివారం ఒక్కడే ఇంటికొచ్చి, పాల కోసం ఫ్రిజ్ తెరిచాడు. ముందు అరలోనే ఉంది, ప్రిస్సిల్లా తినగా మిగిలింది నోరీన్ ఆ రాత్రి కట్టిచ్చిన తెల్ల డబ్బా. వండి ఫ్రిజ్‌లో పెట్టింది ఏడు రోజులు దాటితే పారెయ్యాలి. రోజు దాటినందుకు ఆయన ఈ ఊళ్ళో ఎంతమంది చేత ఎన్ని గిన్నెలు పారబోయించాడో లెక్కలేదు. డబ్బా చేతిలోకి తీసుకుని, చెత్తబుట్ట దాకా నడిచి, మూత తెరవకుండా వెనక్కి తెచ్చి, అదే చోట పెట్టి తలుపు వేశాడు.

మూత మీద అతికించిన చీటీలో నోరీన్ ముసలి చేతి వంకర అక్షరాలు: "ప్రిస్సిల్లా. శుక్రవారం వండినది. గురువారం లోపల తినాలి."